లేక్ డిస్ట్రిక్ట్ కొండల తగవు



ఇంగ్లండ్ వాయవ్య మూలన, స్కాట్లండ్ సరిహద్దుకు కాస్త దిగువగా, కొండలూ సరస్సులూ కలగలిసిన ప్రాంతం ఒకటి ఉంది. పేరు లేక్ డిస్ట్రిక్ట్. విస్తీర్ణం 2,362 చదరపు కిలోమీటర్లు. అక్కడ కాపురం ఉండేవాళ్లు సుమారు 40,000 మంది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఏడాదికి దాదాపు కోటీ 80 లక్షల మంది. అంటే ఆ ఊళ్ల మనిషి ఒక్కరికి 450 మంది సందర్శకులు! ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుని మిగిలిన సంగతులు వినండి.

1951లో ఈ ప్రాంతాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు. ఇంగ్లండులో పద్ధతి పూర్తిగా వేరు. అక్కడి పార్కులో ఊళ్లున్నాయి, బడులున్నాయి, చర్చిలున్నాయి, పొలాలున్నాయి, వేల సంఖ్యలో గొర్రెలున్నాయి. భూమిలో చాలా భాగం రైతులది, ట్రస్టులది, నగరాలకు మంచినీళ్లిచ్చే నీటి సంస్థది. పార్కు పాలకమండలికి సొంత భూమి బహు తక్కువ. ఎక్కడ ఇల్లు కట్టాలి, ఎక్కడ కట్టకూడదు అని అనుమతులిచ్చే అధికారం మాత్రం దాని చేతుల్లో ఉంది. కొండనూ కాపాడాలి, కొండ మీద బతికేవాళ్లనూ బతకనివ్వాలి, వచ్చేవాళ్లనూ రానివ్వాలి. ఈ మూడింటి మధ్య అక్కడ డెబ్బై ఏళ్లుగా తగవు నడుస్తోంది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ తగవు గురించే.

లేక్ డిస్ట్రిక్ట్ బొమ్మలు మీలో చాలామంది చూసే ఉంటారు. చెట్టూ చేమా లేని నున్నటి పచ్చని కొండలు, వాటి మీద రాతిగోడలు, కింద లోయలో సరస్సు. చూసినవాళ్లు ఇదంతా ప్రకృతి అనుకుంటారు. నిజానికి ఆ కొండల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు అడవి. ఓక్, బర్చ్, జూనిపర్ చెట్లు వాటి మీద దట్టంగా ఉండేవి. కొన్ని వేల ఏళ్లుగా మనుషులు వాటిని నరుకుతూ వచ్చారు. మళ్లీ మొలిచిన ప్రతి మొక్కనూ గొర్రెలు కొరికేశాయి. సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ గోడలు తరతరాల రైతుల రెక్కల కష్టం. యునెస్కో 2017లో లేక్ డిస్ట్రిక్టును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి మనిషి చేతి ఈ కష్టం కూడా ఒక కారణం. అంతకు ముందు 1980లలో అర్జీ పెట్టుకున్నప్పుడు ఒప్పుకోలేదు. ఇది ప్రకృతి సంపద కిందికి వస్తుందా, మనిషి కట్టడాల కిందికి వస్తుందా అన్నది తేల్చుకోలేకపోయారు. ఇలాంటి చిక్కుల వల్లనే 1992లో సాంస్కృతిక భూదృశ్యం అనే కొత్త తరగతిని యునెస్కో ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఇక గొర్రెల సంగతి. అక్కడి నాటు గొర్రె హెర్డ్‌విక్. పుట్టినప్పుడు నల్లగా ఉండి, పెరిగేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతుంది. ముఖం తెల్లగా ఉంటుంది. ఇంగ్లండులో జనం నివసించే ఊళ్లలోకెల్లా ఎక్కువ వాన పడే సీత్‌వెయిట్ ఈ కొండల మధ్యనే ఉంది. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. ఆ వానకూ, మంచుకూ, గాలికీ తట్టుకుని కొండ మీద బతకగల గొర్రె ఇది. కొండ పైభాగాన కంచెలుండవు. అది ఉమ్మడి మేత భూమి. ఫలానా మంద ఫలానా చరియలోనే మేయాలని ఎవరూ కట్టడి చేయరు. తల్లి గొర్రె వెంట తిరుగుతూ పిల్ల ఆ హద్దులు నేర్చుకుంటుంది. అది తల్లయ్యాక తన పిల్లకు నేర్పుతుంది. అక్కడి కాపరులు దీన్ని హెఫ్టింగ్ అంటారు. కొన్ని వందల ఏళ్లుగా తెగకుండా వస్తున్న చదువు ఇది.

ఈ చదువు తెగితే ఏమవుతుందో 2001లో చూశారు. గాలికుంటు వ్యాధి దేశమంతా పాకింది. వ్యాధి ఆపడానికి లక్షల పశువుల్ని చంపి కాల్చేశారు. ఈ కొండలున్న కంబ్రియా కౌంటీ అందరికన్నా ఎక్కువ నష్టపోయింది. కొన్ని కొండల మీద మందలకు మందలు పోయాయి. ప్రభుత్వం పరిహారమిచ్చింది, రైతులు బయటి నుంచి గొర్రెల్ని కొనుక్కున్నారు. కానీ కొత్త గొర్రెకు కొండ తెలియదు. ఎక్కడ ఆగాలో తెలియక చెల్లాచెదురైపోయేది. తాత్కాలికంగా కంచెలు వేసి, మనుషులు వెంట తిరిగి, మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. కాపరిని కొండ దింపడం తేలిక, తిరిగి ఎక్కించడం తేలిక కాదు. అక్కడ గొర్రెల్ని తగ్గించాలని కాగితం మీద రాసే ప్రతి అధికారీ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

హెర్డ్‌విక్ జాతి ఈనాటికీ మిగిలిందంటే ఒక రచయిత్రి పుణ్యం చాలా ఉంది. ఆమె బీట్రిక్స్ పాటర్. 1902లో అచ్చయిన పీటర్ రాబిట్ కథ ప్రపంచమంతా పిల్లల చేతుల్లోకి వెళ్లింది. ఆ పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో ఆమె 1905లో హిల్ టాప్ అనే పొలం కొన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా, అమ్మకానికి వచ్చిన కొండ పొలాలు కొంటూ పోయారు. అవి విడివిడిగా ముక్కలై, విలాస గృహాలుగా మారిపోతాయని ఆమె భయం. బురదలో దిగి గొర్రెల్ని చూసుకున్నారు, పోటీల్లో బహుమతులు గెలిచారు, హెర్డ్‌విక్ పెంపకందార్ల సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఆ పదవి చేపట్టక ముందే, 1943లో కన్నుమూశారు. 14 పొలాలు, 4,000 ఎకరాలకు పైగా భూమి నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థకు రాసిచ్చారు. కొండ పొలాల మీద హెర్డ్‌విక్ గొర్రెలే ఉండాలని షరతు కూడా పెట్టారు. బొమ్మల కథలు రాసి సంపాదించిన డబ్బుతో ఒక కొండ జీవనాన్ని కొని నిలబెట్టిన మనిషి ఆమె. నా దృష్టిలో ఆమె రాసిన పుస్తకాల కన్నా ఇది పెద్ద పని.

గొర్రె పక్షం ఇది. చెట్ల పక్షం కూడా వినాలి. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

హాస్‌వాటర్ అనే జలాశయం పక్కన, 1969 నుంచి గోల్డెన్ ఈగిల్ జంట ఒకటి గూడు కట్టుకుని ఉండేది. ఇంగ్లండులో ఆ జాతి పెద్ద గద్దలు అప్పటికే తుడిచిపెట్టుకుపోయాయి. 2004లో ఆడపక్షి కనిపించకుండా పోయింది. మగపక్షి ఒక్కటే మిగిలింది. ప్రతి వసంతంలోనూ ఆకాశంలోకి లేచి, జంటను పిలుస్తూ పల్టీలు కొట్టేది. పదకొండేళ్లు అలా పిలిచింది. 2015 తర్వాత అదీ కనబడలేదు. ఆ కొండల మీద గద్దకు సరిపడా ఆహారం లేదు. గడ్డి తప్ప ఏమీ లేని చోట కుందేలు ఎక్కడ దాక్కుంటుంది, పక్షి ఎక్కడ గూడు కడుతుంది?

దీనికి తప్పు గొర్రెది కాదు, కాపరిది కూడా కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తిండికి కరువు వస్తుందన్న భయంతో ప్రభుత్వం గొర్రె తలకింత అని సొమ్ము ఇచ్చింది. తర్వాత యూరప్ కూటమి కూడా అదే పద్ధతి నడిపింది. ఎన్ని తలలుంటే అంత డబ్బు. కొండ మోయగలిగిన దానికన్నా గొర్రెలు పెరిగాయి. 2005లో ఆ పద్ధతి మార్చారు. అప్పటికే నేల బాగా గట్టిపడిపోయింది. వాన నీరు ఇంకకుండా జారిపోతోంది. 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫాను వచ్చినప్పుడు హానిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ దేశంలో అది రికార్డు. కెజిక్ లాంటి ఊళ్లు మునిగాయి, లేక్ డిస్ట్రిక్టు నడిమధ్యగా వెళ్లే పెద్ద రోడ్డు కోసుకుపోయింది. చెట్లుంటే అంతటి వానను ఆపేస్తాయని ఎవరూ అనరు. కొండ మీద పొదలూ, నాచు పేరుకున్న తడినేలలూ ఉంటే నీరు మెల్లగా దిగుతుంది. దిగువ ఊరికి సర్దుకోవడానికి కొంత సమయం దొరుకుతుంది.

హాస్‌వాటర్ పక్కనే స్విండేల్ అని ఒక చిన్న లోయ ఉంది. అక్కడ జరిగిన పని గురించి కొంచెం విపులంగా చెప్పాలి. దాదాపు రెండు శతాబ్దాల కిందట అక్కడి రైతులు గడ్డి పొలాల కోసం వంకర తిరిగే వాగును పక్కకు జరిపి తిన్నగా కాలువలా చేశారు. నీళ్లు వేగంగా పారాయి, గులకరాళ్లన్నీ కొట్టుకుపోయాయి, సాల్మన్ చేపకు గుడ్లు పెట్టే చోటు లేకుండా పోయింది. 2012 నుంచి ఆ పొలాన్ని పక్షుల సంరక్షణ సంఘం ఒకటి నీటి సంస్థతో కలిసి చూస్తోంది. 2016లో వాళ్లు ఆ తిన్నటి కాలువను పూడ్చి, వాగుకు మళ్లీ పాత వంపులు తవ్వి ఇచ్చారు. కొత్త వాగు పాత కాలువ కన్నా నూరు మీటర్లకు పైగా పొడవు. కొన్ని నెలల్లోనే సాల్మన్ చేపలు వచ్చి గుడ్లు పెట్టాయి! రెండు వందల ఏళ్లు దారి మూసేసినా, తలుపు తీయగానే వచ్చాయి. గడ్డి పొలం కూడా పోలేదు. వరద వచ్చినప్పుడు నీరు పరుచుకుంటుంది, తర్వాత దిగిపోతుంది, గడ్డి కోసుకుంటున్నారు. పడమటి వైపున ఎన్నర్‌డేల్ లోయలో 2003 నుంచి ఇలాంటి పనే ఇంకా పెద్ద ఎత్తున జరుగుతోంది. కలప కోసం వరసలుగా నాటిన స్ప్రూస్ తోటల్ని పలచన చేసి, గొర్రెల్ని బాగా తగ్గించి, బదులుగా గాలోవే జాతి నల్ల పశువుల్ని కొద్దిగా వదిలారు. అవి గడ్డిని మొదలంటా కొరకవు. తొక్కిన చోట విత్తనం పడి మొక్క లేస్తుంది. ఆ లోయలో నదిని దాని దారిన దాన్ని వదిలేశారు.

మరి కాపరికి ఎందుకు కోపం? నాకు ఆ కోపంలో న్యాయం కనబడుతుంది. ఉమ్మడి కొండ మీద ఒక రైతు, గొర్రెల్ని తగ్గించినందుకు ఇచ్చే సొమ్ము తీసుకుని తన మందను దింపేశాడనుకోండి. ఆ చరియ ఖాళీ అవుతుంది. పక్క మందలు మేత కోసం అటు పాకుతాయి. ఇన్నాళ్లూ ఒక మంద ఇంకో మందకు సరిహద్దుగా ఉండేది. ఆ సరిహద్దు పోగానే పక్క రైతుకు రోజంతా కొండంతా తిరిగి వెతుక్కోవడమే పని. ఒకరి సంతకం పదిమంది బతుకును కదిలిస్తుంది. ఇంకో సంగతి. అక్కడ ఓక్ చెట్టు నిలదొక్కుకోవడానికి ముప్ఫై నలభై ఏళ్లు కావాలి. ప్రభుత్వ పథకాల్లో చాలావాటి గడువు ఐదేళ్లు, పదేళ్లు. యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక, అంటే బ్రెగ్జిట్ తర్వాత, 2020 వ్యవసాయ చట్టంతో ఒక మంచి సూత్రం తెచ్చారు. ప్రజల డబ్బు ప్రజలకు మేలు చేసే పనికే, అంటే శుభ్రమైన నీటికి, పక్షులకు, చెట్లకు, ఇవ్వాలన్నారు. సంతోషించదగ్గ మాటే. కానీ కొత్త పథకాల్లో ముఖ్యమైనదాన్ని 2025 మార్చిలో ఉన్నట్టుండి కొత్త దరఖాస్తులకు మూసేశారు. ఇలా రాత్రికి రాత్రి తలుపు మూసే ప్రభుత్వాన్ని నమ్మి, తాతల నాటి మందను ఏ రైతు అమ్ముకుంటాడు?

మన తెలంగాణ కురుమల సంగతి ఎరిగినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. మన దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో నేసిన గొంగడి ఒకప్పుడు కాపరికి గొడుగు, దుప్పటి, మంచం. ఉన్నికి గిరాకీ పోయింది. నెల్లూరు జాతి పొట్టేళ్లతో కలిపేసరికి ఉన్ని లేని మాంసపు గొర్రె మిగిలింది. హెర్డ్‌విక్ ఉన్ని కూడా ముతకే. ఇవాళ అక్కడ దాన్ని కత్తిరించడానికి అయ్యే కూలి ఉన్ని ధర కన్నా ఎక్కువ. రైతు తన చేతి డబ్బు పెట్టి ఉన్ని తీయిస్తున్నాడు.

ఇప్పుడు మూడో పక్షం, యాత్రికులు. వీళ్లను అక్కడికి పిలిచినవాళ్లలో మొదటి వరసలో ఉన్నది కవి వర్డ్స్‌వర్త్. ఆ కొండల అంచున పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే కన్నుమూసిన ఆయన సరస్సుల గురించి ఒక దర్శిని రాశాడు. అది చదివి జనం వచ్చారు. 1844లో విండర్‌మియర్ సరస్సు దాకా రైలు వేస్తామంటే ఆయనే గట్టిగా అడ్డుపడ్డాడు. రైలు 1847లో వచ్చింది. కొండలు పాడవుతాయన్న ఆయన భయం సరైనదే. మిల్లు పనివాళ్లకు ఆ అందాన్ని ఆస్వాదించే సంస్కారం లేదన్నట్టు మాట్లాడడం మాత్రం అన్యాయం. మాంచెస్టర్ మిల్లుల పొగలో బతికేవాడికి కొండగాలి అందరికన్నా ఎక్కువ అవసరం. 1902లో డెర్వెంట్ సరస్సు ఒడ్డున బ్రాండెల్‌హౌ అడవిని నేషనల్ ట్రస్ట్ జనం చందాలతో కొన్నది. ఆ చందాల్లో కార్మికుల చిల్లర డబ్బులు కూడా ఉన్నాయి. రక్షించినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఇవాళ కొండను నలిపేస్తున్నది రైలు కాదు, కారు. వచ్చేవాళ్లలో అత్యధికులు సొంత కార్లలో వస్తారు. రెండు రాతిగోడల మధ్య ఒక్క బండి పట్టే దారులు అవి. 2020 వేసవిలో లాక్‌డౌన్ సడలించగానే జనం ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. దారి పొడవునా కార్లు నిలిపేస్తే ఆంబులెన్సుకు చోటు లేదు. గడ్డి మీద పెట్టి కాల్చే చౌక బార్బెక్యూ పళ్లేలతో మంటలు లేచాయి. ఎవరో తీసిన గేటు మూయలేదు, మందలు కలిసిపోయాయి. గొలుసు విప్పిన కుక్కలు గొర్రెల్ని తరిమాయి. కొండ దారులు కోట్ల కాళ్ల కింద కొట్టుకుపోయి దూరం నుంచి గాయాల్లా కనబడతాయి. వాటిని బాగుచేయడానికి వాలంటీర్లు ఉన్నారు. బస్తాల్లో రాళ్లు హెలికాప్టర్‌తో పైకి చేర్చి, ఒక్కొక్క రాయీ చేత్తో పేరుస్తారు. రాతిదారి వేయడం పాత పద్ధతే.

అంతకన్నా లోతైన దెబ్బ ఇళ్ల మీద పడింది. లండన్ లాంటి నగరాల డబ్బు వచ్చి ఊళ్లోని రాతి ఇళ్లను సెలవుల మకాంగా కొనేసింది. కొన్ని ఊళ్లలో చలికాలం సాయంత్రం సగం కిటికీలు చీకటిగా ఉంటాయి. అక్కడే పుట్టిన కాపరి కొడుకు అక్కడ ఇల్లు కొనలేడు. బడిలో పిల్లలు తగ్గి, బడికి ప్రమాదం వస్తోంది. అలాగని పర్యాటకులే శత్రువులు అనడానికి లేదు. గొర్రె మీద వచ్చే రాబడి చాలక ఇంట్లో రెండు గదులు యాత్రికులకు అద్దెకిచ్చి, పొద్దున్నే వాళ్లకు టిఫిన్ పెట్టి, ఆ డబ్బుతో మందను నిలబెట్టుకుంటున్న కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి.

ఈ తగవుకు చట్టంలో ఒక తీర్పు ఉంది. 1974లో లార్డ్ శాండ్‌ఫర్డ్ కమిటీ, జనం ఆనందానికీ ప్రకృతి రక్షణకూ పొత్తు కుదరని చోట రక్షణకే పెద్దపీట వేయాలని చెప్పింది. 1995లో అది చట్టమైంది. విండర్‌మియర్ సరస్సు మీద దాన్ని అమలు చేసి చూపించారు. 17 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సులో మోటారు బోట్లు, వాటర్ స్కీయింగు హోరెత్తేవి. వేగం గంటకు 10 నాటికల్ మైళ్లు మించకూడదని పార్కు పాలకమండలి నిబంధన పెట్టింది. వ్యాపారాలు పోతాయని పెద్ద గొడవ జరిగింది. బహిరంగ విచారణ జరిపి, సర్దుకోవడానికి ఐదేళ్లు గడువిచ్చి, 2005లో అమలు చేశారు.  విండర్‌మియర్‌కు ఇప్పుడున్న పెద్ద బాధ మురుగునీరు. వేసవిలో నీటి మీద పచ్చటి నాచు తేలుతోంది. భారీ వానలప్పుడు మురుగు సరస్సులో కలవకుండా ఆపాలని ఊరివాళ్లు పోరాడారు. వాన నీరు తప్ప మరేదీ విండర్‌మియర్‌లో కలవకుండా చేయడమే లక్ష్యమని 2025లో ప్రభుత్వం ప్రకటించింది.

లేక్ డిస్ట్రిక్టులోకి టిక్కెట్టు లేదు. కోటీ 80 లక్షల మంది చూసే ఆ గోడలకు, మందలకు, దారులకు వాళ్లు నేరుగా కట్టేది పార్కింగు రుసుము మాత్రమే. తప్పంతా ఇక్కడుందని నా నమ్మకం. చెట్లు కావాలంటే కాపరికి చెట్టు పెరిగినంత కాలం జీతం ఇవ్వాలి. గొర్రెలు తగ్గాలంటే ఒక్క రైతుతో కాదు, ఆ కొండ మీద హక్కున్న అందరితో కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. స్విండేల్ వాగులో చేప తిరిగి వచ్చింది నిజం, కొండ మీద కాపరి ఉండాలన్నదీ నిజం. రెండూ ఒకే లోయలో సాధ్యమేనని స్విండేల్‌లో గడ్డి కోత ఆగకపోవడమే చెబుతోంది.

మన దగ్గర పాడేరు పక్కన వంజంగి కొండకు మేఘాల మీద సూర్యోదయం చూడ్డానికి ఈ కొన్నేళ్లలోనే వేలమంది ఎక్కడం మొదలైంది. అది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పీసా చట్టం అక్కడి గ్రామసభకు అధికారాలిచ్చింది. పార్కింగు ఎక్కడ, రోజుకు ఎంతమంది, వచ్చిన రుసుములో ఊరికి ఎంత అన్నది ముందు ఆ గ్రామసభను అడిగి నిర్ణయించమని అధికారుల్ని కోరుతున్నాను. ఈ చలికాలం అక్కడికి బయల్దేరే శ్రోతలకూ ఒక మనవి. వీలైతే బస్సులో వెళ్లండి. ఊరివాళ్లు గది ఇస్తే అక్కడే బస చేయండి, వాళ్లు వండింది కొని తినండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ మొత్తం తిరిగి మీ ఊరికే తెచ్చుకోండి.